కలిపేది యాడుందో అన్న సారు

కడపలో మా సారు పోయారని ఆయన కూతురు ఫోను చేసింది. బాధ కంటే ముందు నాకు కోపం వచ్చింది. చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతికిన మామూలు లెక్చరర్ అని అక్కడెవరో అప్పుడే అనేశారట. మామూలు మనిషో కాదో నేను చెప్తాను, వినండి.

పందొమ్మిది వందల యాభైల చివర కర్నూలులో ఆయన దగ్గర చదివాను. ప్రాక్టికల్స్ ఉన్న రోజు సారు మటన్ అంగడి నుంచి టిఫిన్ క్యారియర్‌లో పొట్టేలు గ్రంథులు తెచ్చేవారు. మేం ముక్కు మూసుకుంటే, ముక్కు మూసుకోండి గానీ కళ్లు మూయొద్దండి అనేవారు. ఒక గ్రంథి నుంచి డీఎన్‌ఏ తీసి, తెల్లటి పోగులుగా గాజు కడ్డీకి చుట్టేవారు. నీళ్లలో కరిగిస్తే అది గంజిలా జిగటగా ఉండేది. అందులో క్లోమం నుంచి తీసిన ఎంజైము కలిపితే కాసేపటికి పలచబడిపోయేది. పోగులు ముక్కలయ్యాయన్నమాట.

"కోసేది ఉండాది, చూస్తిరి గదా. కలిపేది గూడా ఉండాల. యాడుందో?" అనేవారు.

పరీక్షకు బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు నేను అదే, కలిపే ఎంజైము కూడా ఉండాలని చెప్పాను. ఏ పుస్తకంలో ఉందన్నాడాయన. ఎందులోనూ లేదన్నాను. సున్నా వేశాడు. పుస్తకంలో లేనివి పిల్లల్ని అడగొద్దని సారును అందరి ముందూ గదమాయించాడు. నేను ఫెయిలయ్యాను.

ఇక చదువు చాలన్నాడు మా నాయన. ఆ ఆదివారమే సారు రైలెక్కి బేతంచెర్లలో మా ఇంటికొచ్చారు. "అడిగింది నేనప్పా. శిక్ష పాపకెందుకు?" అని అరుగు మీద కూర్చున్నారు. కాఫీ ముట్టలేదు. సాయంత్రం బండి వేళకు మా నాయన సరేనన్నాడు.

సెప్టెంబరు పరీక్షకు ముందు, ఈసారికి పుస్తకంలో ఉన్నదే చెప్పమ్మా అని సారే బతిమాలారు. నేను మళ్లీ అదే చెప్పాను. మొండితనం నేర్పిందే ఆయన, ఇంక నన్నేం అంటారు? ఈసారి వచ్చిన ఎగ్జామినర్ నవ్వి పాస్ చేశాడు.

చాలా ఏళ్లకు ఆ ఎంజైము నిజంగానే దొరికింది. ఎక్కడో, వేరేవాళ్లకు. దానితో నా చేత్తో నేను రెండు డీఎన్‌ఏ ముక్కలు కలిపాక, ముక్కలు గీతల్లా కనబడేలా తీసిన ఫోటో పట్టుకుని, రిటైరై సారు ఉంటున్న కడపకు పోయాను. కలపకముందు రెండు గీతలు, కలిపాక ఒకటే. ఇప్పుడైనా ఆ సున్నా తప్పని ఒప్పుకోండి సార్ అన్నాను.

"సున్నా తప్పు గాదమ్మా. అప్పుడు మన చేతిలో రుజువు లేకపాయ. అడగొద్దన్న్యాడే, అది తప్పు."

మొన్న ఆయన గదిలోకి పోయాను. మంచానికి ఎదురుగా గోడకు ఆ ఫోటో ఉంది. దాని కింద పెన్సిలుతో, వణికిన అక్షరాల్లో రాసుకున్నారు: "కలిపేది దొరికె. తప్పు ముక్కలు కలిస్తే కనిపెట్టేది యాడుందో?"