గాజు గొట్టాల కట్ట

ఎక్స్‌రే కిరణాలంత పోకిరీవి ఇంకేవీ లేవు. యంత్రంలోంచి బయటపడ్డాయో లేదో, తలోదిక్కూ పోతాయి. వాటిని పక్కపక్కనే తిన్నగా నడిపించడమే హైదరాబాద్ ల్యాబులో నా ఉద్యోగం. వెంట్రుకంత సన్నని బోలు గాజు గొట్టాలను ఒక కొసన దగ్గరగా, రెండో కొసన సమాంతరంగా ఉండేలా కట్ట కడితే, కిరణాలు లోపలి గోడలకు తగిలి జారుతూ తిన్నగా బయటికొస్తాయి. కాగితం మీద గీయడం నాకు భేషుగ్గా వచ్చు. కట్టడమే చేతకాలేదు. నాలుగు నెలలు గొట్టాలు విరగ్గొట్టాక మా సారు, సోమవారంకల్లా కిరణం తిన్నగా రాకపోతే ప్రాజెక్టూ బందు, నీ కొలువూ బందు అన్నాడు.

శుక్రవారం గొట్టాల డబ్బా పట్టుకుని ఆర్మూరు బస్సెక్కాను. అక్కడ మా అమ్మ ముప్పై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. టీవీ చూస్తూనే కట్టలు కట్టేస్తుంది. నేను గీసిన బొమ్మ ఆమెకు చూపించాను.

"గింతేనా? గీ దానికా గన్ని సదువులు సదివినవ్?" అంటూ గొట్టాలకు దారం చుట్టి ముడేసింది. అచ్చం నా బొమ్మలో ఉన్నట్టే కుదిరింది. సంతోషమూ వేసింది, ఒళ్లూ మండింది. ఆ కట్టను డబ్బాలో పెట్టి, మిగతావి ఆమెకు అప్పగించి, ఏర్గట్లలో మేనత్త వాళ్లు పసుపు ఉడకబెడుతున్నారంటే చూడబోయాను.

సాయంత్రం వచ్చేసరికి మిగతా గొట్టాలన్నీ తడిగుడ్డలో ఉన్నాయి.

"పటుక్కున ఇరుగుతున్నయి బిడ్డా. ఆకు లెక్కనే జర నీళ్లు జల్లిన."

బీడీ ఆకును తడపకుండా ఎవరూ చుట్టరు. కానీ సన్నని గాజు గొట్టం నీటిని లోపలికి పీల్చేసుకుంటుంది. మా బోరు నీళ్లు ఆరితే లోపలంతా ఉప్పు పేరుకుంటుంది. ఇక కిరణం ఏం పోతుంది, నా మొహం!

"కొంప ముంచినవ్ కదమ్మా! గంత కూడ తెల్వదా?" అని అరిచాను.

"ఎట్ల తెలుస్తది? ఏం పని జేస్తవే అని అడిగినప్పుడల్ల నీకు సమజ్ గాదంటివి."

అది నిజమే. సిగ్గేసింది.

సోమవారం, తడవకుండా మిగిలిన ఆ ఒక్క కట్టనే యంత్రానికి బిగించాను. తెర మీద చుక్క పడింది. తెరను వెనక్కి జరిపాం. చుక్క పెద్దదవలేదు. ఇంకా జరిపాం. అంతే ఉంది, అంటే కిరణాలు తిన్నగానే వస్తున్నాయి. సారు గంతేసినంత పనిచేసి, "ఎవరు కట్టిన్రు?" అన్నాడు. "నేనే సార్" అన్నాను. పాడు నోరు!

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి కొలువు నిలబడిందని చెప్పాను. అబద్ధమాడిన సంగతీ కక్కేశాను. తిడుతుందనుకుంటే నవ్వింది.

"దానికేం ఫికరే? మాకు అలవాటే. చుట్టేది మేము, కట్ట మీద లేబుల్ సేటుది."