ఇంగ్లీషు నవలా, అత్త పెట్టె

యుద్ధం రోజుల్లో నేను నంద్యాలలో హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. మా ఇంగ్లీషు టీచరమ్మకు విక్టోరియా రాణి కాలపు నవలలంటే ప్రాణం. ఎండాకాలం సెలవులకు ముందు, అట్ట ఊడిన లావుపాటి నవల ఒకటి నా చేతికిచ్చింది. కథ చాలావరకు మరిచిపోయాను గానీ అందులోని మనుషులు ఇంకా గుర్తున్నారు. నోరు తెరిచే ముందు ప్రతిసారీ కళ్లజోడు తుడుచుకునే లాయరు, ఊళ్లో అందరి ఆరోగ్యమూ అడిగి ఎవరి జవాబూ వినని ముసలి పాదిరీ, వాళ్లందరినీ మించి కథ జరిగే పెద్దింటి పెత్తనం చేసే హౌస్‌కీపరు. నల్లగౌను, నడుముకు తాళాల గుత్తి. ఇంటికొచ్చే ఉత్తరాలు దాచేసి, వాటి బదులు దొంగ ఉత్తరాలు రాసిపెట్టేది. ఇలాంటి నవలల్లో తక్కువ మాట్లాడే మనిషి మీద కన్నేసి ఉంచాలని టీచరమ్మ చెప్పింది.

బొగ్గుతో నడిచే బస్సులో ఆళ్లగడ్డ చేరాను. ఆరునెలలుగా మా ఇంట్లో మేనత్త ఉంటోంది. నాయనకు అక్క. పెనిమిటి పోయాక కోయిలకుంట్ల నుంచి వచ్చింది. అమ్మ విషజ్వరం పడి లేచి, ఇంకా గోడ పట్టుకునే నడుస్తుండడంతో ఇల్లంతా అత్త చేతిలోనే ఉంది. కొట్టుగది తాళంచెవులు ఆమె కొంగుకు ఉండేవి. నోరు తెరిచేది తక్కువ. నవల చదువుతూ తలెత్తితే ఎదురుగా ఆమే. మొదట నవ్వొచ్చింది. నాలుగు రోజులకు ఆ నవ్వు పోయింది.

మా అన్న పటాలంలో చేరి బర్మా వైపు పోయి ఏడాది దాటింది. పోస్టుమాన్ వీధి మొదట్లో కనబడగానే అత్త చేతిలో పని వదిలేసి ఎదురుపోయేది. ఇంటిదాకా అతన్ని ఎందుకు రానివ్వదో తెలియక, ఒకరోజు వెనకే పోయాను. ఎవరిదో అరుగు మీద కూర్చుని అతను ఆమెకు ఒక కాగితం మెల్లగా చదివి వినిపిస్తున్నాడు. అత్తకు చదువు రాదు. విన్నాక ఆమె దాన్ని మడిచి నడుం దగ్గర దోపుకుంది. ఇంటికొచ్చి వేరే కార్డు అమ్మ చేతికిచ్చింది.

అమ్మ నాచేత చదివించుకుంది. బాగున్నాననీ, దిగులు పెట్టుకోవద్దనీ రెండే ముక్కలు. ఆ రాత అన్నది కాదు. నాకు ఓనమాలు దిద్దించింది వాడే. వాడి అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఇవి వంకరగా, ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. పాత కార్డులు తీసి చూస్తే మూడు నెలలుగా అదే రాత. నాయన అమ్మకు చదివి వినిపించాడే గానీ రాత గమనించలేదు. ఇవన్నీ అత్త పోస్టుమాన్ చేత రాయిస్తోందా? అసలు అన్న ఉన్నాడా? ఆ ఆలోచన వచ్చాక ఆమె వడ్డించిన అన్నం సగం కంచంలోనే వదిలేసేదాన్ని. నీళ్లు అందిస్తే కూడా ముఖం చూడకుండా తీసుకునేదాన్ని.

ఒక పొద్దున ఆమె బావికి పోయినప్పుడు ఆమె ట్రంకుపెట్టె తెరిచాను. దానికి తాళం లేదు. చీరల కింద ఐదు ఉత్తరాలు, అన్నీ ఆ వంకర రాతే. చదవబోయేలోపు బిందెతో అత్త గుమ్మంలోకి వచ్చింది. నేను అరిచాను. నాయన వచ్చాడు, వెనకే గోడ పట్టుకుంటూ అమ్మ. అన్న ఉత్తరాలు దాచి దొంగ ఉత్తరాలు ఇస్తోందని అందరి ముందూ చెప్పాను.

నాయన ఒకటి విప్పి తనలోనే చదువుకున్నాడు.

"ఏందక్కా ఇది?"

అత్త బిందె దించింది. "వాని కుడిచెయ్యి పోయిందప్పా. పూనాలో ఆసుపత్రిలో ఉండాడు. ఎడమచేత్తో రాస్తాండాడు. అమ్మ లేచి తిరిగేదాకా చెప్పొద్దని నన్నడిగినాడు. చెప్పలేదు."

నాయన నోట్లో మాట నిలవదని అన్నకు తెలుసు. అందుకే అసలు సంగతి అత్త పేరు మీద రాసి, అమ్మకు బాగున్నానని వేరే కార్డు రాసేవాడు.

అమ్మ అక్కడే కూలబడింది. మళ్లీ నెలరోజులు మంచం పట్టింది. అత్తే చూసుకుంది. నన్ను ఎవరూ తిట్టలేదు, అదే కష్టమైంది.

ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్లేరుతూ అత్త, ఆ బుక్కు చదువుతా చదువుతా నన్నెందుకు చూస్తాంటివని అడిగింది. కథంతా చెప్పాను, హౌస్‌కీపరు సంగతి కూడా దాచలేదు. ఆమె చేట ఆపి అడిగింది.

"ఆ ఇంట్లో ఆమెతో కూచ్చోని తిన్నోళ్లు ఎవురన్నా ఉండారా?"

లేరన్నాను. అంత లావు నవల చదివినా ఆ మాట నాకు తట్టనేలేదు. అత్త మళ్లీ చేట అందుకుంది.

వానాకాలం మొదట్లో, నా సెలవులు అయిపోకముందే అన్న వచ్చాడు. చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. అమ్మ ఆ మడతను పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కోతలప్పుడు, నేను మళ్లీ సెలవులకు వచ్చి ఉండగా, అత్త కోయిలకుంట్లకు ప్రయాణమైంది. బస్సు దగ్గర, తప్పయిందని నేను ఏదో చెప్పబోయాను.

"అనుమానమొచ్చినప్పుడు నన్నే అడిగింటే సరిపోయేది గదా" అంది, బస్సెక్కుతూ. కూర్చున్నాక కిటికీలోంచి పిలిచింది. "వానికి అన్నం కలిపి పెట్టగాకండి. ఎడమచేత్తోనే తిననీ. ఎవురూ ఏమీ అనగాకండి."