వార్ట్‌బర్గ్ అన్నందుకు

ఎడారి దేశంలో హోటల్ కడుతున్న మెసైమీర్ సైటులో జర్మనీ ఇంజనీరుకు ఒక పిచ్చి ఉండేది. వాళ్ల ఊరి గుట్ట మీద వార్ట్‌బర్గ్ అని ఏనాటిదో కోట ఉందట. ఆ పేరు పెద్ద క్రేనుకు పెట్టాడు, సామాను మోసే లిఫ్టుకూ పెట్టాడు. గేటు దగ్గర తిరిగే కుక్క కూడా వార్ట్‌బర్గే.

జగిత్యాల గజేందర్ నేల మీద నిలబడి వాకీటాకీలో క్రేను నడిపేవాడికి దారి చెప్పేవాడు. లిఫ్టువాడికీ అదే వాకీటాకీలో వినబడుతుంది కాబట్టి "వార్ట్‌బర్గ్ క్రేన్" అని పూర్తిగా అనాలి. మూడేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

ప్రపంచ కప్పులోపు హోటల్ లేవాలని అందరినీ తరుముతున్న రోజులవి. ఓ పొద్దున క్రేనుకు వేలాడుతున్న ఇనుప చువ్వల కట్ట గాలికి గిర్రున తిరిగింది. దాని కిందే నిజామాబాద్ రహమతుల్లా వంగి తీగ చుడుతున్నాడు.

"వార్ట్‌బర్గ్, స్టాప్!" గజేందర్ గొంతు చించుకున్నాడు.

లిఫ్టు ఆగింది. క్రేను ఆగలేదు. కట్ట తెగి రహమతుల్లా కాలి మీద పడింది. ఆ కేక సైటంతా వినబడింది. మోకాలి కింద మాంసం, ఇసుక ఒక్కటైపోయాయి.

అంబులెన్సు కదలగానే రహమతుల్లా రూమువాళ్లు క్రేను నిచ్చెన చుట్టూ మూగారు. దిగొచ్చిన ఆపరేటర్ చిన్నప్పను జుట్టు పట్టి ఈడ్చారు.

"ఆపమంటే ఎందుకు ఆపలే బే?"

"లిఫ్టుకు చెప్పినాడనుకున్నాను అన్నా! నన్ను..."

మాట పూర్తికాకముందే పైపు దెబ్బకు నోట్లోంచి నెత్తురు చిమ్మింది. పడినవాణ్ని బూట్లతో తన్నారు.

గజేందర్ కాస్త దూరంలోంచి చూస్తున్నాడు. తను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెరిస్తే ఆ పైపు తన మీదికే. చిన్నప్ప మూలుగు సన్నబడుతోంది.

"వాణ్ని ఇడువుండ్రి! తప్పు నాది. క్రేన్ అనలే. ఉత్త పేరే అన్న!"

ఒక్క క్షణం అందరూ ఆగారు. తర్వాత అందరూ అతని మీద పడ్డారు. దవడ విరిగింది, రెండు పక్కటెముకలు విరిగాయి. సెక్యూరిటీ వచ్చేదాకా గజేందర్ చెయ్యెత్తలేదు.

మూడో రోజుకు క్రేను మీద పేరు చెరిపి ఒకటి, లిఫ్టు మీద రెండు అని అంకెలు రాశారు.

దవడకు కట్టిన తీగలతోనే గజేందర్ ఆస్పత్రిలో రహమతుల్లా మంచం దగ్గరికి పోయాడు. కాలు మోకాలి దాకా తీసేశారు. రహమతుల్లా గోడవైపు తిరిగాడు.

"నిన్ను చూస్తే సంపాలనిపిస్తది గజేందర్," అన్నాడు చివరికి. "కూసో. నీళ్లు తాపు."

గజేందర్ గ్లాసు అందించాడు.