ముసలి వేషానికి వన్స్ మోర్

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఇటలీ వాళ్ల సంగీత నాటకమొకటి వచ్చింది. బానకడుపు ముసలాడొకడు కుచ్చుటోపీ పెట్టుకుని, బుగ్గలు పూరించి, పడుచుపిల్ల చెయ్యి పట్టుకోబోతూ పాడుతున్నాడు. మా ఆవిడ "ఆ అరుపులేంది, కట్టెయ్యండి" అంది. "వాడు మా మామ" అన్నాను. నా మాటల్లో రూపాయికి పావలా మాత్రమే నమ్మడం మా ఇంటి ఆచారం గనుక, ఆమె ఇంకేమీ అడక్కుండా వంటింట్లోకి పోయింది. మీకూ ముందే చెప్పేస్తున్నాను. నేను పిల్లిని చూస్తే పులి అని రాస్తాను, ఏనుగని రాయనందుకు నన్ను నేనే మెచ్చుకుంటాను. మీరూ పావలా లెక్కనే చదువుకోండి.

సాగర్ డ్యాం ఇంకా పైకి లేస్తున్న రోజులవి. మా మామ, అమ్మ తోడబుట్టినవాడు, గురజాలలో దస్తావేజులు రాసేవాడు. అది పొట్ట కోసం. ప్రాణం మాత్రం పద్యనాటకం. ఆయన గుక్క పట్టి రాగం తీస్తే దాచేపల్లిలో గేదెలు దూడలు లేకుండానే పాలు చేపేవి. ఆయన నడిపే నాటక సమాజంలో ఒక హార్మోనియం మేష్టారు, నాయిక వేషం కోసం మీసం తీసేసిన పాపానికి పెళ్లాం చేత అన్నం పెట్టించుకోలేకపోయిన ఒక బస్సు కండక్టరు, ఇంకా నేను. నాకు పద్దెనిమిదేళ్లు. నా గొంతు గురించి తర్వాత చెబుతాను, తొందరేం లేదు.

అమ్మ ఆఖరి చెల్లెలు, మా పిన్ని, నాకన్నా ఒక్క ఏడాదే పెద్దది. తాతయ్య ఆమెను ఊళ్లో రైసుమిల్లు ఆసామికి ఇస్తానని మాటిచ్చేశాడు. ఆసామి మొదటి భార్య పోయింది. మీసాలకు ఆయన వేసే నల్లరంగుతో మా బడి బోర్డులన్నీ ఏడాదికోసారి కొత్తవి చెయ్యొచ్చు. ఆయన పెద్దకొడుకు పిన్నికన్నా పెద్దవాడు. "కాలవ వస్తే ఆయన మెట్టంతా మాగాణవుద్ది, పిల్ల కాలు మీద కాలేసుకుని కూర్చుంటది" అన్నది తాతయ్య లెక్క. ఆ పై నెల మొదటి గురువారం ప్రధానమన్నారు. నాతో రోజూ గొడవపడే పిన్ని, నేను ఆమె దువ్వెన తీసుకున్నా అడగటం మానేసింది. మామ ఒకసారి నోరు తెరిచాడు. "కావాలంటే నా నాలిక కోసుకుపోరా. మాట మాత్రం ఎనక్కి రాదు" అన్నాడు తాతయ్య. మామ ఇక ఆ ఇంట్లో నోరు తెరవలేదు. తెరవగల చోటు ఆయనకు ఇంకొకటుంది.

మా చర్చి విచారణ గురువు, ఫాదరుగారు, ఇటలీ ఆయన. గడ్డం బొడ్డు దాకా ఉండేది. బైబిల్లో తెలుగు, గురజాల తెలుగు కలిపి మాట్లాడేవాడు. వాళ్ల దేశంలో పేరుపడ్డ నవ్వుల నాటకమొకటి ఆయన మామకు చెప్పాడు: ముసలాడు తాను పెంచిన పిల్లనే పెళ్లాడాలని చూస్తాడు, కుర్రాడు మారువేషంలో ఇంట్లో దూరతాడు, ముసలాడు అందరి ముందూ అభాసుపాలై ఆఖరికి పిల్లను వదులుకుంటాడు. మామ వారంలో దాన్ని పద్యాల్లోకి దించాడు. మిల్లు ఆసామికి ముందు వరసలో, తాతయ్య పక్కనే కుర్చీ వేయించాడు. ఫాదరుగారు మాత్రం ఒక మాటన్నారు. "మా ఊళ్లో మంచి గొంతు కుర్రవాడికి ఇత్తురు. మీరు ముసలివాడికి ఇచ్చితిరి. చానా ప్రమాదము నాయనా." మామ నవ్వాడు. పల్నాడులో పెద్ద గొంతుకు పెద్ద వేషం. ముసలాడిదే పెద్ద వేషం, కాబట్టి పద్యాలన్నీ ముసలాడికే.

సాయంత్రం చర్చి గంట కొట్టేలోపు ముగించాలన్నది ఫాదరుగారి షరతు. అందుకే పద్యనాటకం చరిత్రలో మొదటిసారి పట్టపగలు, బడి ఆవరణలో, ఎండలో ఆడాం. మాచర్ల నుంచి కొండవీడు దాకా జనం కూర్చున్నారు. పెట్రొమాక్సు వెలుగులో ప్రేక్షకుడికి మొహం ఉండదు. ఆ రోజు అందరి మొహాలూ అందరికీ కనిపిస్తున్నాయి.

మామ జుట్టుకు సుద్దపొడి పూసుకుని, వంగి, కర్ర ఊపుకుంటూ వచ్చాడు. జనం నవ్వబోయారు. ఇంతలో ఆయన మోహన రాగం ఎత్తుకున్నాడు. అంతే, నవ్వు సగంలో ఆగిపోయింది. పద్యం ముగిసేసరికి "వన్స్ మోర్" అని అరిచారు. వన్స్ మోర్ అంటే మళ్లీ పాడి తీరాలి. చచ్చిపడ్డ వేషమైనా లేచి పాడి మళ్లీ చావాల్సిందే. మామ మళ్లీ పాడాడు, ఈసారి ఇంకా బాగా. మిల్లు ఆసామి మీసం మీద చెయ్యేశాడు. నిన్నటిదాకా తాతయ్యను "బావా" అని పిలిచిన మనిషి, పక్కకు వంగి, "చూశారా మావయ్యగారూ, వయసుదేముంది" అన్నాడు.

తర్వాత కుర్రాడి వేషంలో నేను వచ్చాను. నా గొంతు ఎండిన బొక్కెన గిలకలాంటిది. నాలుగు పాదాల పద్యంలో మూడో పాదం నాకే వినపడలేదు. "ఒరేయ్, దిగరా" అన్నారెవరో. "పిల్లని పెద్దాయనకే ఇయ్యండయ్యా. ఈడేం చూసుకుంటాడు?" అని ఒక ముసలమ్మ న్యాయం చెప్పింది. జనమంతా చప్పట్లు. తాతయ్య తల ఊపాడు, దేవుడే తనకు సాక్ష్యం పలికినట్టు. ఆడవాళ్ల వైపు పిన్ని తల దించుకుని, కూర్చున్న చాపలో ఈనెలు ఒక్కొక్కటే లాగుతోంది.

విరామంలో మామ దగ్గరికి పరిగెత్తాను. "మావా, కొంప మునిగింది. ఊరంతా ముసలాడి పక్షమే."

"అట్టా పాడకపోతే ఇంక పాడటమెందుకురా?" అన్నాడు మామ, మిరియాల పాలు పుక్కిలించి ఉమ్మేసి.

"మరి పిన్ని?"

ఆయన పాలగ్లాసు పక్కన పెట్టి, కర్ర అందుకున్నాడు. నేను రంగం మీదికి వెళ్లాక, తెర కొంచెం తప్పించి, సందులోంచి ఆడవాళ్ల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

ఆఖరి అంకం. ముసలాడు పెళ్లి అడిగే పద్యం, నాటకానికంతటికీ అదే ప్రాణం. మామ ఎత్తుకున్నాడు, పైస్థాయికి వెళ్లాడు, జనం ఊపిరి బిగబట్టారు. అక్కడ శ్రుతి తప్పింది. హార్మోనియం మేష్టారు అదిరిపడి ఆ మెట్టుకు దిగి పట్టుకోబోయాడు. మామ ఇంకో మెట్టు కిందికి జారాడు. మామ వెంట మేష్టారు, ఇద్దరూ నుయ్యి దిగుతున్నట్టు దిగిపోయారు. పల్నాడులో మామ గొంతు తప్పడమంటే కృష్ణ వెనక్కి పారడమే.

"తాతకి ఊపిరి చాలట్లేదురోయ్" అన్నాడు వెనక వరసలో ఒకడు.

"ఊపిరే చాలనోడికి పెళ్లేంది?" అంది ఆ ముసలమ్మే, చప్పున న్యాయం మార్చేసి.

ముందు ఆడవాళ్లు నవ్వారు. తర్వాత అందరూ. ఆ పట్టపగటి వెలుగులో నవ్వే కళ్లన్నీ ముసలాడి మీంచి జారి ముందు వరస కుర్చీ మీదికి వచ్చాయి. ఆసామి చెయ్యి ఇంకా మీసం మీదే ఉంది. తీస్తే ఒప్పుకున్నట్టు, ఉంచితే ఇంకా ఒప్పుకున్నట్టు. చివరికి లేచి, కండువా దులుపుకుని, "మిల్లులో పనుంది బావా, ఎల్లొస్తా" అన్నాడు.

బావా అన్నాడు. తాతయ్య ఆయన్ను ఆపలేదు. ఇచ్చిన మాటను అవతలివాడే తిప్పి చేతిలో పెట్టి పోతే ఇంకేం చేస్తాడు? గురువారం ప్రధానం కాలేదు. రెండేళ్లకు పిన్ని విజయపురి సౌత్‌లో ఓవర్సీరును చేసుకుంది. ఇప్పటికీ నాతో గొడవపడుతుంది.

మామను మాత్రం ఆ తర్వాత పెద్ద వేషాలకు ఎవరూ పిలవలేదు. "ఆయనకు శ్రుతి నిలవట్లేదంట" అన్న మాట సత్తెనపల్లి దాకా పాకింది. సమాజం చెదిరిపోయింది. కండక్టరు మీసం పెంచుకుని అన్నానికి నోచుకున్నాడు.

ఇక నా పావలా సంగతి. ఫాదరుగారి గడ్డం ఛాతీ దాటలేదు. జనం బడి గోడ దాటలేదు. దాచేపల్లి గేదెల మాట నేను పూచీ పడను. ఇవన్నీ ఉన్నవాటికి గాలి కొట్టడమే. అసలు లేనిది కల్పించింది ఒక్కటే: మామ తెర సందులోంచి పిన్నిని చూడటం. అప్పుడు నేను రంగం మీద ఉన్నాను. ఆయన చూశాడో లేదో నాకు తెలియదు. ఆయన పోయే ముందటేడు అడిగాను, "మావా, ఆ రోజు కావాలనే తప్పించావు గదా" అని. "కఫం అడ్డుపడిందిరా" అన్నాడు, గోడ వైపు తిరిగి.

ఆ ముసలి వేషం కట్టిన రోజున మా మామకు నలభై కూడా నిండలేదు, జుట్టుకు అంత సుద్దపొడి పట్టింది. నాకు ఆ ఖర్చు లేకుండా కాలమే రోజుకింత పూసి పోతోంది, పద్యం మాత్రం నేర్పటం లేదు.