కిక్కు కొట్టే కాలు

మా గౌలిపురలో పాలు అమ్ముకునే ఇళ్లకు తెల్లవారేది బకెట్ల చప్పుడుతోనే. పాలు పిండడం కాగానే అమ్మ బర్రెలను ఒక్కొక్కదాన్నీ రుద్ది రుద్ది కడిగేది. కొట్టం చివర, గోడ పక్కన బాపు మోటార్‌సైకిల్ ఉండేది. నల్లగా, బరువుగా, రెండు పక్కలా పాల క్యాన్లు తగిలించే ఇనుప కొక్కేలతో చూడ్డానికి అదీ మందలో ఒకటిలాగే ఉండేది.

తొంభైల చివర్లో ఒక ఏడాది, వానలు మొదలవుతున్నప్పుడు, బాపు ఆ కొట్టంలోనే పేడ మీద జారి పడ్డాడు. కుడికాలు విరిగింది. కిక్కు కొట్టే కాలు. వానాకాలమంతా మంచం మీదే గడిచింది. బాపు తమ్ముడు, అంటే మా కాక, సైకిల్ మీద చుట్టుపక్కల గల్లీలకు పాలు పోసేవాడు. బాపు బండి మీద పాలు పోసే హుస్సేనీ ఆలం దాకా వెళ్లడం ఆయన వల్ల కాలేదు. అక్కడి చాయ్ హోటళ్లు ఒకదాని వెనక ఒకటి ప్యాకెట్ పాలకు మళ్లాయి. ఒక్క హోటలాయన మాత్రం కబురు పంపాడు. "భాయ్ కు బోలో, జల్దీ ఆనా. ప్యాకెట్ దూధ్ మే చాయ్ కా మజాచ్ నై."

ప్యాకెట్ పాలతో చాయ్‌కి రుచే లేదన్న ఆ మాటను బాపు వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ప్యాకెట్ పాలంటేనే ఆయనకు ఒళ్లు మంట. ఆ కవరు మా గడప దాటి లోపలికి వచ్చేది కాదు.

దసరా అయ్యాక డాక్టరు కాలు అతికిందన్నాడు. కాక మాత్రం ఊరుకోలేదు.

"అన్నా, బండి అమ్మేద్దాం. నువ్వు కొట్టం జూస్కో. బయటి పనంత నేను జూస్త."

కాక చెడ్డవాడేం కాదు. అన్న మళ్లీ ఎక్కడ పడతాడోనని భయం. కానీ బాపుకు ఆ మాట గుచ్చుకుంది. "రేపు పొద్దుగాల నేనే కిక్కు కొట్టి బండి తీస్త. తియ్యకపోతే అమ్ముకో పో" అనేశాడు. మా ఇంట్లో మాటంటే మాటే. ఆ మొండితనం నాకు కూడా దండిగానే వచ్చింది.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మర్నాడు కాలేజీ ఎగ్గొట్టి, పానాల పెట్టె పట్టుకుని పక్కన నిలబడ్డాను. బాపు పెట్రోలు నాబ్ తిప్పాడు, చోక్ ఎత్తాడు, కిక్కు కొట్టాడు. బండి కనీసం దగ్గలేదు. కొట్టాడు, కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. ప్లగ్గు విప్పి చూస్తే మూతి నల్లగా, తడిగా ఉంది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది, పొయ్యి మీద వేడి చేసి తెచ్చాను. ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నీలంగా చిటుక్కుమంది. హమ్మయ్య అనుకుని మళ్లీ బిగించాం. అయినా బండి ఉలకలేదు, పలకలేదు.

"తోసి స్టార్ట్ చేద్దామా బాపూ?"

"రోజు తోస్కుంట పోయి పాలు పోస్తనా?" అని కసిరాడు.

పోనీ నేను కొడతానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. చొక్కా చెమటతో తడిసి వీపుకి అంటుకుపోయింది. కొట్టినప్పుడల్లా ఆ కాలు తడుముకుంటున్నాడు. అమ్మ గడపలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కాక గోడకు ఆనుకుని చూస్తున్నాడు. అలా చూడడమే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

చివరికి బాపు స్టూలు మీద కూలబడ్డాడు. "బండి మంచిగనే ఉన్నది బిడ్డా. కాల్లనే తాకత్ లేదు" అన్నాడు.

ఆ మాట ఆయన నోట విని తట్టుకోలేకపోయాను. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "కార్బురేటర్ చూసినవా? అది చూడకుంటనే కాలును తిడ్తవేంది?" అని అరిచాను.

నా అరుపులు ఆయనకు కొత్తేం కాదు. గొణుక్కుంటూనే వంగి కార్బురేటర్ అడుగున స్క్రూ విప్పాడు. అమ్మ చాయ్ తాగే గాజు గ్లాసు తెచ్చి కింద పట్టింది. కారినదాన్ని బాపు వెలుతురుకి ఎత్తి, కొనబోయే బర్రె పాలను చూసినట్టు చూశాడు. పైన కొంచెం పెట్రోలు, అడుగున తేటగా నీళ్లు.

"ఇందుల నీళ్లెట్ల వచ్చినయ్?"

అమ్మ పెట్రోలు అంటిన చేతులు చెంగుకి తుడుచుకుంది. "నేనే... బర్రెలను కడిగినప్పుడు దీన్ని గూడ కడుగుతున్న. నువ్వు లేచి జూసేసరికి తళతళలాడాలె అనుకున్న."

నిజమే, వానాకాలమంతా కడిగింది. సదర్ పండుగకు దున్నపోతును ముస్తాబు చేసినంత శ్రద్ధగా టాంకు మీద బకెట్లు బకెట్లు గుమ్మరించింది. మూత కింద రబ్బరు ఎప్పుడో ఎండి పగిలిందని ఎవరికి తెలుసు? మేమంతా రోజూ చూస్తూనే ఉన్నాం. కడగడం తప్పని మా ఇంట్లో ఎవరికి తడుతుంది!

బాపు గ్లాసును చూశాడు, అమ్మను చూశాడు. తర్వాత వంగి తన కాలును చూసుకున్నాడు.

"అయితే నా కాలు మంచిగనే ఉన్నదన్నట్టు."

అని, ఒక్కసారిగా నవ్వాడు. "పుట్టి బుద్ధెరిగి పాలల్ల చుక్క నీళ్లు కలపలే నేను. నువ్వు పెట్రోల్ల కలిపినవా!" మంచాన పడ్డాక ఆయన అంతలా నవ్వడం అదే మొదలు. అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.

టాంకు వంచి ఖాళీ చేశాం. కాక తనే సైకిలేసుకుని వెళ్లి సీసాలో కొత్త పెట్రోలు తెచ్చాడు. బాపు రెండు మూడు కిక్కులు కొట్టాడో లేదో, బండి దగ్గి, గల్లీ నిండా పొగ వదిలి, అందుకుంది. ఆ సాయంత్రం హుస్సేనీ ఆలానికి పాలు బాపే తీసుకెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే లేచి కొట్టంలోకి వెళ్తే, అమ్మకంటే ముందు బాపు అక్కడున్నాడు. పక్కింట్లో అడిగి తెచ్చాడేమో, చేతిలో ప్యాకెట్ పాల కవరు. దాన్ని టాంకు మూతకి తొడిగి సుతిలితో కడుతున్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు.

"మీ అమ్మకేం జెప్పకు. కడగనీ."

ముడి బిగించి లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి అమ్మ బకెట్ పట్టుకుని వచ్చింది.