బసవపున్నయ్యగారి విమోచన క్రయధనం

బసవపున్నయ్యగారు ఫిల్మ్ నగర్‌లో ఘోస్టు. అంటే డైలాగులు ఆయన రాస్తారు, పేరు ఇంకొకరిది పడుతుంది. తెనాలి నుంచి వచ్చి జుట్టు నెరిసిపోయినా తెరమీద ఆయన పేరు ఒక్కసారీ పడలేదు. నోట్లో నాలుక లేని మనిషి, అడగనూ లేదు.

కిడ్నాప్ కథకి కూర్చున్నప్పుడు దర్శకుడు రఘునందన్ ఆశపెట్టాడు. "గురువుగారూ, మనిషిని వదలడానికి విలన్ అడిగే డబ్బుకి బరువైన మాట కావాలి. ఇవ్వండి, ఈసారి టైటిల్స్‌లో మీ పేరుంటుంది."

"ఫిరౌతీ అంటే అయిపాయె గద," అన్నాడు అసిస్టెంటు బాబీ.

"అది హిందీ. మన మాట విమోచన క్రయధనం," అన్నారు పున్నయ్యగారు. "సంస్కృతం నుంచి వచ్చింది. విమోచన అంటే కట్లు విప్పడం, క్రయం అంటే కొనడం. తెలుగు బైబిల్లోనూ ఇదే మాట. కొనాలంటున్నామంటే మనిషి అప్పటికే సరుకైపోయాడనేగా."

గది గొల్లుమంది. ఆ మాట వాడి చూద్దామన్నాడు రఘునందన్. బాబీ పున్నయ్యగారిని తువ్వాలుతో కుర్చీకి కట్టేసి, ఆయన ఫోనులోంచే ఇంటికి కొట్టి స్పీకరు పెట్టాడు. రఘునందన్ తన ఫోనులో రికార్డింగు నొక్కి, గొంతు మార్చాడు.

"మీ ఆయన మా దగ్గరున్నాడు. విమోచన క్రయధనం పట్టుకురా."

"అదేంటి బాబూ?" అంది పున్నయ్యగారి భార్య జ్ఞానప్రసూనాంబ.

"మీ ఆయన ఇప్పుడు మా సరుకు. కావాలంటే కొనుక్కో."

"మెడలోవీ చేతులవీ అన్నీ తెచ్చిస్తాను," ఆమె ఏడ్చేసింది. "ఆయనకి షుగరు బాబూ, ముందేదన్నా తినిపించండి. కొట్టకండి, ఎదురుచెప్పే మనిషి కాదు."

అందరూ నవ్వు ఆపుకోలేక చస్తున్నారు. 'నేనే, బాగానే ఉన్నాను' అంటే చాలు. పున్నయ్యగారు అనబోయారు. రఘునందన్ పెదవుల మీద వేలుంచి, రెండో చేత్తో గాలిలో పేరు రాసి చూపించాడు. పున్నయ్యగారు ఊరుకున్నారు. ఆ నోటికి ఎవరూ గుడ్డ కట్టలేదు మరి.

ఇంటికెళ్లి, ఎవరో ఆకతాయిలు ఫోను కొట్టేశారని చెప్పారు. ఆ వెర్రి ఇల్లాలు నమ్మి దిష్టి కూడా తీసింది.

సినిమా విడుదలైంది. టైటిల్స్‌లో 'మాటల సహకారం: బసవపున్నయ్య' అని పడగానే ఆయన భార్య చేయి పట్టుకున్నారు. ఆమె కళ్లొత్తుకుంది.

కాసేపటికి తెరమీద విలన్ ఫోను చేశాడు. అవతల ఏడుస్తున్న గొంతు జ్ఞానప్రసూనాంబది. ఏ ఆర్టిస్టూ అంత బాగా ఏడవలేదని రఘునందన్ ఆ రికార్డింగే వాడేశాడు. షుగరు మాటకి హాలంతా ఈలలు వేసింది.

"అప్పుడు మీరక్కడే ఉన్నారు కదూ," అందామె.

పున్నయ్యగారు తెరకేసే చూస్తూ కూర్చున్నారు. ఆమె చేయి లాక్కుని, లేచి, పక్కవాళ్ల మోకాళ్లు తప్పించుకుంటూ బయటికి నడిచింది.