గంజి పెట్టిన గుడ్డ

గొంతు తెగిన పొట్టేలు కాళ్లతో బండను తన్నుతుంటే రక్తం సుచరిత పాదాల మీదికి చిమ్మింది. ఆమె కదల్లేదు. బాన్సువాడలో తండ్రి పోచన్న మాంసం దుకాణంలో పెరిగిన మనిషి. ఇప్పుడు హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. గొర్రె కడుపులో చేరి నెత్తురు తాగే పురుగులుంటాయి. వాటి పిల్లల ఒంటి మీది చక్కెరలే వాటిని గొర్రె రక్షణ శక్తికి చిక్కకుండా దాస్తున్నాయని ఆమె అనుమానం. ఆ చక్కెరలేమిటో తేలితే టీకాకు దారి దొరకొచ్చు. విజ్ఞానమంటే జీవకారుణ్యమని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ బండ దగ్గరికి రారు.

ఈ పొట్టేలు నమూనా చెడిపోతే అక్కరకొస్తుందని సుచరిత మరో పొట్టేలుకు ఆలస్యంగా పురుగులు ఎక్కించి ఇంట్లో కట్టేసింది. తల్లి బక్కమ్మ దానికి చిట్టి అని పేరు పెట్టి, చేత్తో తవుడు తినిపిస్తోంది.

వడగట్టే జల్లెడ చిరిగితే బక్కమ్మే పోచన్న పాత దోతి చింపి ఇచ్చింది. పురుగు పిల్లలను అందులో కడిగి, హైదరాబాదు తీసుకెళ్లి, పైపొర ఒలిచి, ఆమ్లంలో ఉడికించి, చక్కెరలను విడదీసింది సుచరిత. చక్కెరలను కొలిచే యంత్రం కాగితం మీద ఒకే ఒక్క కొండ గీసింది. గ్లూకోజు. మిగతా చక్కెరలన్నీ దానికింద సమాధి.

తల్లికి ఫోన్ చేసింది. "అవ్వా, ఆ గుడ్డకు ఏం పెట్టినవే?"

"గంజి పెట్టిన. సదువుకున్న బిడ్డ పనికి ముడతల గుడ్డ ఇస్తనా?"

గంజి ఆమ్లంలో ఉడికితే గ్లూకోజే. సుచరిత గోడను గుద్దింది. వేలి కణుపు చిట్లింది.

మర్నాడు చిట్టిని కోయించడానికి బాన్సువాడలో దిగేసరికి పోచన్న కత్తి పట్టనన్నాడు. "మీ అవ్వ పేరు పెట్టిందాన్ని నేను కొయ్య. ఇగ నువ్వే కోసుకో."

"పురుగులు పోయే మందు తాగిస్తే చిట్టి బతుకుతది నాయినా. నా పని సస్తది."

బక్కమ్మ లేచింది. "గంజి పెట్టింది నేనే గదా. నేను పట్టుకుంట."

పొట్టేలు మీద బరువంతా వేసి పడుకుంది. సుచరిత మొదటి కోత లోతుగా దిగలేదు. చిట్టి అరిచి, కాలు విదిల్చి బక్కమ్మ మూతి పగలగొట్టింది.

"ఆగకే! మల్ల కొయ్యి!"

ఈసారి కత్తి ఎముకదాకా దిగింది. తన్నులు ఆగేదాకా బక్కమ్మ పట్టు వదల్లేదు. కడుపు చీల్చి పురుగులు చూపిస్తే వంగి చూసింది.

"గివ్వా? గీ వెంట్రుకల కోసమా?"

"గివ్వే."

పక్కకు రక్తం ఉమ్మి అడిగింది. "జల్లెడ తెచ్చుకున్నవా, మల్ల మీ నాయిన దోతే కావాల్నా?"

సుచరిత సంచిలోంచి కొత్త నైలాన్ జల్లెడ తీసింది.

హైదరాబాదులో ఈసారి యంత్రం గీతలో కొండ లేదు. చిన్న చిన్న గుట్టలు, దేని ఎత్తు దానిదే. వెంటనే ఫోన్ చేసింది.

"అవ్వా, దొరికినయే!"

"దొరకకేం జేస్తయ్?" వాచిన మూతితోనే అంది బక్కమ్మ. "ఇగ ఇంకో పొట్టేలును ఇంటికి తేకు."